ఏ తెలుపు కావాలని అడిగిన అమ్మగారు

తాడేపల్లిగూడెం రంగుల కొట్టు అమ్మగారు మొన్న సోమవారం పొద్దున పోయారని వాళ్ల కోడలు ఫోన్ చేసి చెప్పింది. వినగానే ఏడుపు రాలేదు, ఊపిరి అందలేదు. భయం వేసినప్పుడల్లా నాకు అలాగే అవుతుంది. ఆ భయం నాకు ఎలా పట్టుకుందో, ఆవిడ ఏం చేశారో చెప్పాలని ఉంది.

మాది కైకలూరు. చెరువులకి రొయ్యల మేత చేరవేసే చిన్న వ్యాన్ ఉంది నాకు. గట్ల మీది తడికి, బురదకి తలుపుల కింద తుప్పు పట్టింది. షాపులో ఇస్తే రెండు వారాలు బండి ఆగిపోతుంది. ఫోన్లో నాలుగు వీడియోలు చూసి, ఇంటి దగ్గరే రంగు కొట్టేద్దామనుకున్నాను. కంప్రెసర్, స్ప్రే గన్ అద్దెకు దొరికాయి. రంగు మాత్రం గూడెం అమ్మగారే కలపాలన్నారు అందరూ.

“తెలుపు కావాలండి” అన్నాను.

“ఏ తెలుపు బాబూ?” అన్నారు ఆవిడ, కళ్లజోడు ముక్కు చివరికి దించి.

డీజిల్ ట్యాంకు మీది రేకు మూత విప్పించారు. గుడ్డతో తుడిచి, కొట్టు మెట్ల మీద ఎండలో పెట్టి, రంగుల నమూనా బిళ్లలు ఒక్కొక్కటే పక్కన ఆనించి చూశారు. “ట్యూబ్ లైటు కింద అన్ని తెలుపులూ ఒక్కలాగే ఉంటాయండి. మీకు కావాల్సింది బండి కొన్నప్పటి తెలుపు కాదు, ఇప్పటి తెలుపు.” కాస్త పసుపు కలిసిన తెలుపు తీశారు. మూత పక్కన పెడితే తేడా తెలియలేదు.

“ఎక్కడ కొడతారు?”

“ఇంటి దగ్గర షెడ్డులోనండి.”

“తలుపులున్నాయా?”

“లేవండి. పైన రేకులే.”

అబద్ధం. తలుపులున్నాయి. ఉన్నాయంటే రంగు గట్టిపడడానికి కలిపే హార్డెనర్ ఇవ్వరని విని ఉన్నాను. ఆవిడ భర్త పెయింటరు. మూసిన గదిలో ఏళ్ల తరబడి రంగు కొట్టి, ఊపిరితిత్తులు పాడై చనిపోయారు. “ఆఖర్న ఒక్క మాట చెప్పాలన్నా మెట్లెక్కినట్టు ఆయాసపడేవారండి” అన్నారు. మాస్కు ఇచ్చి, నా మొహం మీద పట్టీలు తనే బిగించి చూశారు. ఏ రోజు కొడతానో అడిగి, క్యాలెండర్లో ఆ తేదీ గడిలో నా నంబరు రాసుకున్నారు. రంగు కొనుక్కెళ్లిన ప్రతివాళ్లకీ ఆ రోజు ఫోన్ చేయడం ఆవిడకి అలవాటు.

చెరువుల మీది చిన్న పురుగులు తడి రంగుకి అంటుకుంటాయని, షెడ్డు తలుపులు మూసి లోపల చుట్టూ ప్లాస్టిక్ పట్టాలు కట్టాను. మొదటి కోటు బాగా వచ్చింది. మాస్కులో చెమట. మెరుపు చూద్దామని దించాను, మళ్లీ పెట్టుకోలేదు. మూడో కోటు కొడుతుంటే ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. గాలి పీలుస్తున్నాను, లోపలికి పోవడం లేదు. అంతా తెల్లటి మసక. పట్టాలు తడుముతున్నాను, దారి దొరకడం లేదు. అరుద్దామంటే గొంతు రాలేదు. చచ్చిపోతున్నానని అర్థమైంది.

అప్పుడే ఇంట్లో నా ఫోన్ మోగిందట. నా భార్య ఎత్తింది. అవతల అమ్మగారు.

“లోపల రంగు కొడుతున్నారండి” అంది.

“లోపలంటే? తలుపులేసుకునా?”

“అవునండి.”

“అమ్మాయ్, ముందు స్టవ్ ఆపు. షెడ్డు తలుపులు బార్లా తియ్యి. నువ్వు లోపలికి వెళ్లకు, బయట నుంచే లాగు. పరిగెత్తు!”

కత్తిపీట తెచ్చి పట్టా చీల్చి, నా చొక్కా పట్టుకుని లాగింది. కైకలూరు ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి ఏలూరు పంపించారు. కొల్లేరు రోడ్డు పొడవునా ఒక్కొక్క ఊపిరీ లెక్కపెట్టుకున్నాను.

బతికాను కానీ, సిగ్గుతో నెలల తరబడి ఆ కొట్టు వైపు వెళ్లలేదు. చివరికి వెళ్లి, జరిగిందంతా చెప్పి, తప్పయిందండి అన్నాను. ఆవిడ తిట్టలేదు.

“మీ మీద కోపం లేదు బాబూ. ఎలా నమ్మానా అని నా మీద నాకే భయమేసింది. అప్పట్నుంచి ఎవరికి డబ్బా ఇవ్వాలన్నా రెండుసార్లు అడుగుతున్నాను.”

వ్యాన్‌కి ఒక తలుపు మిగిలిపోయిందని, గన్ పట్టుకోవాలంటే భయమేస్తోందని చెప్పాను. ఆ ఆదివారం భీమవరంలో బస్సు మారి మా ఇంటికొచ్చారు. మాస్కు కట్టుకుని, ఆరుబయట, దూరంగా కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

“భయం పోయాక కొడతానండి” అన్నాను.

“వద్దు. భయపడుతూనే కొట్టండి. ఆ రోజు భయం పోబట్టే కదా మాస్కు దించారు?”

భయపడుతూనే కొట్టాను. రంగులో నాలుగు పురుగులు అంటుకున్నాయి. తీయబోతే వద్దన్నారు. “ఉండనివ్వండి. బయట కొట్టారని తెలుస్తుంది.”

మొన్న మంగళవారం శ్మశానంలో అమ్మగారి చితి అంటుకున్నాక గాలి మళ్లి పొగ మా మీదికి వచ్చింది. చుట్టాలందరూ కళ్లు తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డారు. నా ఛాతీ బిగుసుకుపోయింది. మర్యాద కాదని తెలిసినా ఆగలేక, చితి చుట్టూ తిరిగి గాలి వచ్చే వైపుకి వెళ్లాను. అక్కడ అప్పటికే ఏడెనిమిది మంది ఉన్నారు. ఎవరో నాకు తెలియదు. గోళ్ల అంచుల్లో కడిగినా వదలని ఎరుపు, నీలం, వెండి బండి రంగులు. నన్ను చూసి కొద్దిగా జరిగి చోటిచ్చారు.