పెద్దత్తే ముందు లేవాలి

మా ప్రెస్సులో అందరూ ఆవిడను తీగలక్క అంటారు. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే తీగలు, వాటి పెట్టెలు, వాటి అలకలు అన్నీ ఆవిడ బాధ్యత. చేతిసంచిలో స్క్రూడ్రైవరు, మెడలో సామాన్ల గది తాళంచెవి. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు కుర్చీ వెతుక్కుని కూర్చుంటుంది. జవాబు ఆ తర్వాతే.

ఆవిడ భర్త బేకరీలో రాత్రి పని చేస్తాడు. తెల్లారి ఆయన మెట్లెక్కి వస్తుంటే ఆవిడ దిగుతూ ఉంటుంది. మెట్ల మలుపులో ఇంటి తాళం చేతులు మారుతుంది. ఇంకా వెచ్చగా ఉన్న రొట్టె పొట్లం ఆవిడ సంచిలోకి వెళుతుంది.

"పాలు కాచి పెట్టాను. పిల్లి చూడకముందే తాగండి."

"సరే. మెట్టు తడిగా ఉంది, చూసుకుని దిగు."

ఏళ్ల తరబడి వాళ్ల కాపురంలో చాలా భాగం ఆ మలుపులోనే జరిగింది.

అంత పొద్దున్నే ఎందుకక్కా అని ఒకసారి నేనడిగితే, "పెద్దత్తని లేపొద్దూ?" అంది.

పెద్దత్త అంటే సామాన్ల గదిలో ఉన్న పాత సర్వరు. అచ్చుకు వెళ్లాల్సిన పేజీలన్నీ దాని కడుపులోనే ఉంటాయి. పేజీలు కూర్చేవాళ్ల కంప్యూటర్లు పొద్దున్నే దాన్ని అడిగి పని తెచ్చుకోవాలి. అదే తీగ మీద అచ్చు ప్లేట్లు తయారుచేసే కొత్త యంత్రం కూడా ఉంది. దానికి కొత్తల్లుడని పేరు. తీగ ఒకటే గానీ ఇద్దరి మాటతీరు వేరు.

ఎలా వేరో తీగలక్క రొట్టె పొట్లం మీద వేలితో గీసి చూపించింది. తీగ మీద వెళ్లే ప్రతి కబురూ ఇలాంటి పొట్లమే. పైన ఎవరికి, ఎవరి నుంచి అని ఉంటుంది. అక్కడిదాకా ఇద్దరూ ఒకటే. ఆ పక్క గడిలో మాత్రం, లోపలి సరుకు ఎంత పొడుగో పెద్దత్త రాస్తుంది. అదే గడిలో, లోపలున్నది ఏ రకం సరుకో కొత్తల్లుడు రాస్తాడు.

"కొట్టుకోరు, తిట్టుకోరు. ఒకరి పొట్లం ఇంకొకరి గుమ్మం ముందునుంచే పోతుంది. నాది కాదులే అని వదిలేస్తారు. అంతే."

అసలు చిక్కు మధ్యలో ఉన్న కంప్యూటర్లతో. ఏ పద్ధతిలో మాట్లాడాలో వాటికి ఎవరూ చెప్పలేదు. మీరే విని తేల్చుకోండని వదిలేశారు. లేవగానే తీగ మీద ఎవరి పొట్లం మొదట కనబడితే ఆ పద్ధతినే పట్టుకుంటాయి, మళ్లీ ఆపేదాకా వదలవు. కొత్తల్లుడి పొట్లం ముందు కనబడిందా, ఇక ఆ రోజు పెద్దత్త వాటి కళ్లకు ఆనదు. పోనీ ఎప్పుడూ నడుస్తూనే ఉంచుదామంటే, ఒకసారి గోడలో తీగలు కాలి పొగ వచ్చినప్పటినుంచి రాత్రి మెయిన్ దించాల్సిందేనని యజమాని పట్టు. అందుకని రోజూ ఒకటే వరస. ముందు పెద్దత్త, తర్వాత బల్లల మీదివి, అవన్నీ పెద్దత్తను గుర్తుపట్టాకే కొత్తల్లుడు.

"ఒక్కో కంప్యూటర్లోకీ వెళ్లి, నువ్వు పెద్దత్త పద్ధతిలోనే మాట్లాడు అని చేత్తో పెట్టేస్తే ఈ గొడవ ఉండదు సార్. ఒక్కరోజు పని ఆపాలి," అని ఆవిడ అడుగుతూనే ఉంది.

"ఈ పుస్తకం అయిపోనీ అమ్మా," అని ఆయన అంటూనే ఉన్నాడు. ఒక పుస్తకం అయ్యేలోగా ఇంకోటి వచ్చి కూర్చుంటుంది.

మొన్నామధ్య బేకరీ పొయ్యి మరమ్మతుకొచ్చి భర్తకు ఒక రాత్రి ఖాళీ దొరికింది.

"రేపైనా నాతో కూర్చుని టీ తాగవే. నీ మొహం వెలుతురులో చూసి ఎన్నాళ్లయిందో!"

"చూస్తే జడుసుకుంటారు," అంది గానీ, సామాన్ల గది తాళంచెవి ప్లేట్ల తమ్ముడి చేతిలో పెట్టింది. కొత్తల్లుణ్ణి నడిపేది అతనే. మంచివాడు, కాస్త తొందర. వరసంతా అప్పజెప్పించుకునే ఇచ్చింది.

పొద్దున టీ గ్లాసు సగమైందో లేదో ఫోను మోగింది.

"అక్కా, ఎవరికీ పేజీలు కనబడటం లేదు."

"ఏం చేశావురా?"

"నువ్వు చెప్పినట్టే చేశా. ముందు పెద్దత్త, తర్వాత బల్లలు..."

"మరి అల్లుడో?"



"అది వేడెక్కడానికి టైం పడుతుంది కదా అని... రాగానే వేసేశానక్కా. పని ఆలస్యమైతే నువ్వు రాలేదు కాబట్టే అంటారని."

కోపం తెచ్చుకోవడానికి కూడా ఆవిడకు ఓపిక లేకపోయింది. భర్త గ్లాసు మీద మూత పెట్టాడు.

"వచ్చాక తాగుదువుగాని."

"అప్పటికి మీరు పనికి పోయే వేళవుతుంది."

ప్రెస్సులో అందరూ చేతులు ముడుచుకుని కూర్చున్నారు. యజమాని గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "అన్నీ ఆపి, మళ్లీ వరసగా వేసెయ్యమ్మా. తొందరగా!"

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "వేస్తాను సార్. రేపు పొద్దున్న మళ్లీ నేనే రావాలి. ఎల్లుండీ నేనే. ఇవాళ పని ఎలాగూ ఆగింది. ఇంకాస్త ఆగనివ్వండి, అన్నిటికీ చేత్తో పెట్టేస్తాను."

"పుస్తకం..."

"పుస్తకాలకేం సార్, వస్తూనే ఉంటాయి. నా మోకాళ్లే కొత్తవి రావు."

పేజీలు కూర్చేవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. యజమాని ఆ నవ్విన వైపూ, ఆవిడ వైపూ చూసి, "సరే కానీ," అంటూ తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఒక్కో బల్ల దగ్గరా కూర్చుని, ఒక్కో కంప్యూటరుకూ పెద్దత్త పద్ధతి ఖాయం చేసింది. అంతా అయ్యాక మెయిన్ దించి, ఎత్తి, "ముందు నీ అల్లుణ్ణే వెయ్యరా," అంది. ప్లేట్ల తమ్ముడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నా వల్ల కాదక్కా, నువ్వే వెయ్యి." వేసింది. తర్వాత పెద్దత్తను, ఆ తర్వాత బల్లల మీదివి. పేజీలన్నీ కనబడ్డాయి. తాళంచెవి మెడలోంచి తీసి మళ్లీ అతని చేతిలోనే పెట్టింది. "ఇక ఎవరు ముందొస్తే వాళ్లే వేసుకోండి."

ఇంటికెళ్లేసరికి భర్త బేకరీకి వెళ్లిపోయాడు. మూత పెట్టిన గ్లాసు అక్కడే ఉంది.

మర్నాడు కూడా మెలకువ ఎప్పటి వేళకే వచ్చింది. మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. మలుపు దగ్గర కాసేపు ఆగాయి. తర్వాత గబగబా పైకొచ్చాయి.

"ఏమే, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు ఆయన, రొట్టె పొట్లం పట్టుకుని, గుమ్మంలో కంగారుగా.

"బాగానే ఉంది. చెప్పులు విడిచి కూర్చోండి, టీ పెడతా."

కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారక్కా అని అడిగాను.

"ఏముంది మాట్లాడటానికి? ఆయనకి నిద్ర, నాకు నడుం నొప్పి. రొట్టె తిన్నాం," అంది. కుర్చీలోంచి లేస్తూ, "వేడిగా ఉంది," అంది.