మిల్లు కాలువ వార్త

ఒకే ఒక్క అక్షరాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. చెప్పాల్సిన మనిషికి చెప్పలేక మీకు చెబుతున్నాను.

ఎనభైల చివర మాట. మిర్యాలగూడలో నేను విలేకరిని. రైస్ మిల్లుల మురికినీళ్లు పోయేందుకు మున్సిపాలిటీ వాళ్లు కాలువ ప్లాన్ వేశారు. అది కూలీల వాడ మధ్య నుంచి పోయింది. ప్లాన్‌లో వాడ లేదు, ఖాళీ జాగా అని ఉంది. అప్పుడు వాడవాళ్లు తమ ప్లాన్ తామే వేశారు. ఇంటి పునాదికి ముగ్గు పోసినట్టు, కాలువ మిల్లు గోడ పక్కనుంచి ఎలా పోవచ్చో నేలమీదే గీసి చూపించారు. ముందు నిలబడింది లింగమ్మ, మిల్లులో వడ్లు ఆరబోసే మనిషి.

"పేపర్ సారూ, గిట్ల రాయి. మేం యాడికీ పోం. కాలువనే జర జరపమను."

"మిల్లు గోడ అడ్డమంటున్నారు కదమ్మా."

"గోడకు కాళ్లు లేవంటనా? మా గుడిసెలకున్నయా, సూడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పేపర్లో మాత్రం ఇలా వచ్చింది: 'కొంచెం జరిగేందుకు వాడ సిద్ధం.'

నేను రాసింది కాలువను 'జరిపేందుకు' అనా, వాడే 'జరిగేందుకు' అనా? వార్తల కవరు బస్సుకు అందించే తొందరలో చెయ్యి తప్పిందా? లేక డెస్క్‌లో ఎవరైనా దిద్దారా? ఇప్పటికీ తెలియదు. తెలిసిందొక్కటే, పొద్దున్నే పేపర్లో ఆ తప్పు చూశాను. సవరణ వేయమని అడగలేదు. నా వార్త చుట్టూ గీతలతో బాక్సు కట్టి రావడం అదే మొదటిసారి. దాన్ని తప్పని నేనే ఎలా చెప్పను అనుకున్నానా, మిల్లు యజమాని హోటల్లో పిలిచి చాయ్ తాగించినందుకు మెత్తబడ్డానా, లేక ఒక్క అక్షరంతో ఏమవుతుందిలే అని నిజంగానే నమ్మానా? ఒక్కో ఏడు ఒక్కో కారణం నిజమనిపిస్తుంది.

మున్సిపాలిటీ అధికారి వాడవాళ్లకు ఆ వార్తనే చదివి వినిపించాడు. "మీరే ఒప్పుకున్నరు గదా" అన్నాడు. వాడను వేములపల్లి దారిలో పల్లానికి మార్చారు. మొదటి వానకే ఇళ్లలో నీళ్లు నిలిచాయి.

తర్వాత సూర్యాపేటకు, అక్కణ్నుంచి కోదాడకు మారాను. వెళ్లేముందు విన్నాను, లింగమ్మ అందరితో అంటోందట: "సారు మంచిగనే రాసిండు. సదివినోడే మార్చి సదివిండు." ఆమెకు చదువు రాదు. ఆ మాట విన్నాక కూడా నేను వెళ్లి చెప్పలేదు.

ఆనాడు వేయించని సవరణ ఇది. లింగమ్మ జరుగుతామనలేదు. జరపమన్నది.