చివరి జట్టుకు మొదటి ఎంపిక

మా తమ్ముడు పోయాడు. అమెరికా ఫుట్‌బాల్ సీజన్ సగంలో ఉండగా గుండెపోటుతో ఆసుపత్రిలో చేరి, తిరిగి రాలేదు. క్యాంపస్‌లో వాడి దగ్గర చదువుకున్న చాలామందికి ఈ సంగతి ఇంకా తెలియదు. అందుకే రాస్తున్నాను.

తార్నాకలో మా ఇంట్లో సోమవారం తెల్లవారుజామున రెండు వెలుగులుండేవి. దేవుడి దగ్గర నా దీపం, హాల్లో అమెరికా ఆట నడిచే వాడి టీవీ. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని ఒకరినొకరు కుమ్ముకునే ఆ ఆట నాకు ఎన్నడూ అర్థం కాలేదు. అందులో వాడికి నచ్చిందేమిటో మాత్రం అర్థమైంది. అక్కడ అడుగున మిగిలిన జట్టే మరుసటి ఏడు కొత్త ఆటగాళ్లలో మొదట ఎంచుకుంటుంది. నిరుడు చతికిలబడ్డవాళ్లు ఈ ఏడు లేచి కూర్చుంటారు.

"ఎవరు గెలుస్తరో ముందే ఎరుకైతే గింత పొద్దుగాల లేసుడెందుకక్కా?" అనేవాడు.

కూర్చునేవాడు కాదు. గ్లాసు పట్టుకుని హాలంతా తిరిగేవాడు. స్కోరు సమానంగా ఉంటే మరీను. ఓసారి వాడి జట్టు ఓడేలా ఉంటే, పాపమనిపించి మొక్కుకున్నాను. కనిపెట్టేశాడు.

"ఏందక్కా, దేవుణ్ణి ఒక్కదిక్కు గుంజుతున్నవా? సీజన్ ఖరాబైతది!"

"నోర్మూసుకొని చాయ్ తాగరా."

క్యాంపస్ గ్రౌండ్‌లో ఆదివారాలు పిల్లలతో అదే ఆట ఆడించేవాడు. కుమ్ముకోవడం ఉండదు, బంతి పట్టుకున్నవాళ్ల నడుముకు కట్టిన రంగు గుడ్డ లాగితే చాలు, ఆపినట్టే. నాలుగు జట్లు, నాలుగు రంగులు. ఏటా అన్నిటినీ విడగొట్టి, మళ్లీ ఎంచుకోమనేవాడు. అందరికంటే అడుగున మిగిలిన జట్టు కెప్టెన్‌దే మొదటి పిలుపు. గెలిచిన జట్టు కెప్టెన్, లాలాగూడ అమ్మాయి, ఊరుకునేది కాదు.

"ఓడినోళ్లకు ఇనామా సార్?"

"మరి నువ్వొక్కదానివే ఆడుకుంటవా బిడ్డా?"

ఆసుపత్రిలో నేను దేవుణ్ణి ఒక్కదిక్కే గుంజాను. బలమంతా పెట్టి గుంజాను. అప్పటినుంచి జపానికి కూర్చుంటే మనసు నిలవడం లేదు. లేచి, వాడిలాగే హాల్లో తిరుగుతున్నాను.

దినాలు కాగానే ఆ అమ్మాయి ఇంటికొచ్చింది.

"అమ్మా, ఈ ఆదివారం ఎంచుకునుడున్నది. సార్ లేడు గదా, పాత జట్లే ఉంచుదామంటున్నరు మావోళ్లు."

"ఉంచితే?"

"మేమే గెలుస్తం. గ్యారంటీ." అని ఏడ్చింది.

వాడి నియమం వాడితోనే పోతుందా అనిపించింది. కానీ ఆట వాళ్లది. "చాయ్ తాగు బిడ్డా" అన్నాను, అంతే.

ఆదివారం పొద్దున గ్రౌండ్‌కు వెళ్లాను. ఎవరి తరఫునా మొక్కుకోలేదు. పిల్లలు నాలుగు గుంపులుగా, పాత రంగులతోనే నిలబడి ఉన్నారు. ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. నడుముకున్న ఎర్రగుడ్డ విప్పి నేలమీద పెట్టి, వెనక్కి జరిగింది. ఆమె జట్టువాళ్లు సణుగుతూనే ఒక్కొక్కరే విప్పారు. తర్వాత మిగతావాళ్లూ విప్పి, అంతా ఒకే వరుసలో నిలబడ్డారు.

చివరి జట్టు కెప్టెన్ ముందుకొచ్చి వరుసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. ఇంకా ఎవరి పేరూ పిలవలేదు. ఏ రంగూ లేని పిల్లలు, కాళ్లు కుదురులేక, ఎండలో నిలబడి ఉన్నారు.