లీటరు నీళ్ళ ఉపవాసం

మా ఇంట్లో శ్రమల వారం ఉపవాసం ఎప్పుడూ నాదే. మంగళవారం రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కుంటే మళ్ళీ మెతుకు ముట్టేది శుభ శుక్రవారం ఆరాధన అయ్యాకే. మధ్యలో మంచినీళ్ళు తప్ప ఇంకేమీ లేదు. ఇంటికి ఒకరు అలా ఉండటం మా సంఘంలో ఆచారం. ఆరాధన చివర్లో పాస్టరుగారు, ఉపవాసం నిలబెట్టుకున్నవాళ్ళు లేవండి, అంటారు. లేచిన మనిషి ఇంటి పేరున ప్రార్థన జరుగుతుంది. కృష్ణా జిల్లాలో ఉన్నన్నాళ్ళూ మా అత్తగారు లేచేది. ఆవిడ తర్వాత నేను. ఢిల్లీ వచ్చి, బడి హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటున్నప్పుడు కూడా ప్లాస్టిక్ కుర్చీలోంచి నేనే లేచాను.

మా అబ్బాయి ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో ఫ్లాటు కొన్న ఏడాది నాకు షుగరు బయటపడింది. మా కోడలు ఆసుపత్రిలో నర్సు. మామూలుగా మెత్తని మనిషే గానీ జబ్బు మాట వస్తే ఎవరినీ లెక్కచెయ్యదు.

“మాత్ర వేసుకుని తినకుండా ఉంటే పడిపోతారత్తయ్యా. ఈసారి మీరు ఉండటానికి వీల్లేదు” అంది.

“మరి మనింటి తరఫున ఎవరు లేస్తారు?” అన్నాను.

అబ్బాయి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. కోడలు డ్యూటీలు చేసుకునే మనిషి, తనని అడగలేను. అప్పుడు సోఫాలోంచి మా ఆయన గొంతు సవరించుకున్నారు.

“నేనుంటాను.”

మా ఆయన సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. అక్కడ పని చేసినన్నాళ్ళూ నాలుగు గిన్నెల కారియరు మోసిన మనిషి. పొద్దున టిఫిను తింటూ మధ్యాహ్నం కూరేంటని అడుగుతారు.

“మీరా?” అన్నాను.

“ఏం, నాకు కడుపు లేదా?”

“ఉందనే అడుగుతున్నాను.”

ఎగతాళి చేశానే గానీ లోపల బెంగగానే ఉంది. అత్తగారి నాటి నుంచి ఒక్క ఏడాది కూడా మా ఇల్లు కూర్చోలేదు. నా షుగరు వల్ల కూర్చుందంటే నాకు నిద్రపట్టదు. పైగా సంఘంలో నాకొక పేరుంది. ముందటేడు మా సంఘంలోనే, నన్ను అక్కా అని పిలిచే ఒకావిడ, ఉపవాసంలో కడుపు మంట ఆగక ఒక కొబ్బరిబోండాం తాగింది. లేవొచ్చా అక్కా అని నన్నడిగింది. “అది పంటికి ఉపవాసం, కడుపుకి కాదు” అన్నాను. పాపం, కుర్చీకి అతుక్కుపోయింది. అలాంటి నేను ఇప్పుడు మా ఆయన కడుపు మీద ఆధారపడ్డాను.

బుధవారం బాగానే గడిచింది, మిగతా అందరికీ తప్ప. పోపు వాసన తగిలితే ఆయన నిలబడలేరని నేను పప్పులో పోపు మానేశాను. మా మనవరాలికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. కంచంలోకి చూసి, “నానమ్మా, దాల్ మే తడ్కా క్యోఁ నహీఁ హై?” అంది.

“తాతయ్య ఉపవాసం” అన్నాను.

“తో ఉపవాస్ కౌన్ కర్ రహా హై, వో యా హమ్?” ఉపవాసం తాతయ్యదా, మనదా అని.

నా అన్నం నేను వంటింట్లో తలుపు మూసుకుని తిన్నాను. బయటికొచ్చేసరికి ఆయన తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. మంచినీళ్ళకి వచ్చానన్నారు. చేతిలో గ్లాసు లేదు.

సాయంత్రానికి ఆయన కడుపు కూయడం మొదలుపెట్టింది. ఒకసారి కప్పలా, ఒకసారి దూరంగా పోతున్న రైలులా. పుల్లటి తేన్పులు, తలనొప్పి. “ఇన్నేళ్ళూ ఎలా ఉన్నావే నువ్వు?” అని నీరసంగా అడిగారు.

“నోరు మూసుకుని” అన్నాను.

కోడలు రాత్రి డ్యూటీకి వెళ్తూ ఆసుపత్రుల్లో ఇచ్చే ఉప్పూ పంచదారా పొడి పాకెట్లు ఫ్రిజ్ మీద పెట్టింది. “మావయ్యా, వట్టి నీళ్ళే తాగుతుంటే ఒంట్లో లవణాలు తగ్గిపోతాయి. రేపు పొద్దున ఒకటి కలుపుకుని తాగండి. కలిపింది మర్నాటికి ఉంచొద్దత్తయ్యా, పారబోసెయ్యండి” అని చెప్పులేసుకుంది.

పొద్దున్నే ఆయన కళ్ళజోడు పెట్టుకుని పాకెట్టు ముందూ వెనకా చదివారు. నేను మూడో తరగతితో చదువు ఆపేసినదాన్ని, ఇంగ్లీషు నాకు రాదు. “లీటరు నీళ్ళలో కలపాలని ఉంది” అన్నారు. అంటూనే మొహం ముడుచుకుంది. ఆఫీసులో ఏదైనా ఫైలు తిప్పి పంపించాలంటే ఆయన మొహం అలాగే ముడుచుకునేదట.

“చూడు, ఒక్క గ్లాసులో కలిపి ఒక్క గుక్కలో తాగితే అది మందు. మందు వల్ల ఉపవాసం పోదు. అదే లీటరు ముందు పెట్టుకుని పొద్దస్తమానం చప్పరిస్తే భోజనం కిందికి వస్తుంది.”

నాకూ అది సబబుగానే తోచింది. లీటరు కలిపితే ఈయన సగం తాగి వదిలేస్తారు. మిగిలింది పారబోయాలంటే నాకు చెయ్యి రాదు. గ్లాసులో అయితే బొట్టు మిగలదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన న్యాయం, నా పొదుపు ఒకే మాట మీదికి రావడం అదే మొదలు. పాకెట్టు మొత్తం గ్లాసులో పోసి చెంచాతో తిప్పి ఇచ్చాను. కళ్ళు మూసుకుని తాగేశారు. “ఉప్పగా ఉందే” అన్నారు. “మందు మరి” అన్నాను.

కాసేపటికే పొట్ట పట్టుకుని మెలికలు తిరగడం మొదలైంది. వాంతి వచ్చినట్టూ రానట్టూ ఉంది. ఇక స్నానాలగదికి, మంచానికి మధ్య ఒకటే నడక. ఆ ఫ్లాట్లలో నీళ్ళు పూటకి కాసేపే వస్తాయి. పట్టి పెట్టుకున్న బకెట్లు ఒక్కొక్కటీ ఖాళీ అవుతుంటే నాకు ఆయన గురించీ బెంగే, బకెట్ల గురించీ బెంగే.

కోడలు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆయన మంచం మీద నీళ్ళలోంచి తీసిన గుడ్డలా ఉన్నారు. టేబులు మీది గ్లాసు చూసింది. అడుగున తెల్లగా కట్టింది వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది.

“దేంట్లో కలిపారు?”

“గ్లాసులో.”

“ఏ గ్లాసులో?”

“ఇదిగో, నీ చేతిలో ఉన్నదే.”

బ్యాగు దించకుండానే కుర్చీలో కూలబడింది. “మావయ్యా, మీరు తాగింది మందు కాదు, బందరు సముద్రం. అంత చిక్కగా పోతే ఒంట్లో ఉన్న నీళ్ళని కూడా పేగుల్లోకి లాగేస్తుంది. అందుకే ఈ నొప్పి, ఈ పరుగులు. లీటరు అని రాసింది ఊరికే కాదు.”

“లీటరైతే భోజనం అవుతుందని...” అని ఆయన గొణిగారు.

“ఎవరన్నారు?”

ఆయన నన్ను చూశారు. నేను ఫ్యాను చూశాను.

బీపీ చూసి, ముందు మంచినీళ్ళు కొంచెం కొంచెంగా పట్టించింది. తర్వాత సీసాలో సరిగ్గా లీటరు పోసి ఇంకో పాకెట్టు కలిపింది. “గుక్క గుక్కగా తాగాలి. సాయంత్రానికి కళ్ళు తిరిగినా, ఒంటికి పోవడం తగ్గినా గంజి తాగాల్సిందే. అప్పటికీ తేరుకోకపోతే ఆసుపత్రికే. నాతో వాదించొద్దు” అంది.

“మరి ఉపవాసం?” అన్నారాయన.

“అది అత్తయ్యగారి డిపార్ట్‌మెంటు.”

ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. అంత నీరసంలోనూ ఆయన సీసా మూత తియ్యకుండా పట్టుకుని కూర్చున్నారు. నేను వద్దంటే మానేసే మనిషి. ఇల్లు లేవాలన్న పట్టుదల నాది, మంచాన పడ్డది ఆయన.

“తాగండి. లేచే సంగతి తర్వాత చూద్దాం” అన్నాను.

సాయంత్రానికి కడుపు నొప్పి నెమ్మదించింది. రాత్రి కోడలు మళ్ళీ బీపీ చూసి, ఫరవాలేదంది. సీసా మాత్రం వదలనివ్వలేదు.

శుక్రవారం హాలు నిండింది. పైన ఫ్యాన్లు తిరుగుతున్నా ఎండ రేకుల మీద నుంచి దిగుతూనే ఉంది. కోడలు ఆ రోజుకి కలిపిచ్చిన సీసా నా సంచిలో ఉంది. సిలువ మీద యేసు పలికిన మాటల గురించి ఒకరి తర్వాత ఒకరు ప్రసంగం చేస్తున్నారు. దాహం గురించిన మాట వచ్చేసరికి హాలంతా నిశ్శబ్దం. ఆయన నా మోచెయ్యి పొడిచారు. సీసా ఇచ్చాను. ఆ నిశ్శబ్దంలో ఆయన గుటక వేసిన చప్పుడు ముందు వరస దాకా వినిపించి ఉంటుంది. పక్కన కూర్చున్న కొబ్బరిబోండాం ఆవిడ సీసా వంక చూసింది, నా వంక చూసింది, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చివర్లో పాస్టరుగారు అన్నారు, ఉపవాసం నిలబెట్టుకున్నవాళ్ళు లేవండి అని.

అక్కడక్కడా కుర్చీలు కిర్రుమన్నాయి. ఆయన లేవలేదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నా మొహంలోకి చూస్తూ, “లేవమంటావా?” అన్నారు.

నేను నోరు తెరిచేలోపు పక్కావిడ నా చెవి దగ్గరకు వంగింది. “లెగమను అక్కా. పాపం, రెండ్రోజులకే సగమయ్యారు. మీ సీసా మా బోండాం లాంటిది కాదులే.”

“నువ్వు ఈ ఏడు ఉన్నావా?” అన్నాను.

“ఉన్నా. కొబ్బరినీళ్ళతోనే. అందుకే కూర్చున్నా.”

ముందు ఆయన భుజం కింద చెయ్యి వేసి లేపాను. తర్వాత ఆవిడ వైపు తిరిగి, “నువ్వూ లే” అన్నాను.

“నేనా? పంటికే ఉపవాసం కదక్కా నాది?”

“లెమ్మన్నానా” అన్నాను, కాస్త గట్టిగానే. ఆవిడ లేచింది. ప్రార్థన అయ్యేదాకా ఆవిడ భుజాలు నవ్వుతో కదులుతూనే ఉన్నాయి. అటు ఆయనా ఇటు ఆవిడా నిలబడి ఉంటే, మధ్యలో సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది నేనే.

ఇంటికొచ్చి ఆయనకి పల్చటి గంజి ఇచ్చి, మా నలుగురికీ పప్పులో పోపు పెట్టాను. ఆవాలు చిటపటమనగానే మనవరాలు పరుగెత్తుకొచ్చింది. సీసాలో ఇంకా పావు వంతు మిగిలింది. పారబోయనా అని కోడలు అడిగింది. నేను సీసా మూత గట్టిగా బిగించాను. ఆయన గంజి గిన్నె పక్కన పెట్టి చెయ్యి చాపారు.

“ఇటివ్వమ్మా. లేకపోతే మీ అత్తయ్య దీన్ని వచ్చే ఏడాదికి దాస్తుంది.”