గుప్తేశ్వరం గుహలో పట్టుకున్న చెయ్యి

మొన్న శివరాత్రికి గుప్తేశ్వరం వెళ్ళి, మా అత్తగారిని పోగొట్టుకుని, ఎవరి అమ్మనో వెంటబెట్టుకుని వచ్చేయబోయాను. నవ్వకండి. టీ చల్లారేలోగా చెప్పేస్తాను. మీకు నవ్వులాటగానే ఉంటుంది గానీ, ఆ గంటసేపూ నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మా అత్తగారు పార్వతీపురంలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. డెబ్బై రెండేళ్ళు. ఇప్పటికీ నన్ను హోంవర్కు చెయ్యని పిల్లాణ్ణి చూసినట్టే చూస్తారు, నేనూ చేతులు కట్టుకుని అలాగే నిలబడతాను. ఈ ఏడు ఆవిడకి గుహలో శివుణ్ణి చూడాలని కోరిక పుట్టింది. మా అమ్మాయికి మెట్రిక్ పరీక్షలు, మా ఆవిడ కదల్లేదు. ఇక మిగిలింది నేను. రాయగడ మునిసిపల్ ఆఫీసులో జనన మరణాలు రాసుకునే గుమాస్తాని. జనం గుంపుగా కనిపిస్తే పక్క సందులోకి తిరిగిపోయే రకం.

ఉపవాసం ఒక్కటే అయితే ఫరవాలేదు. ఆవిడ మౌనవ్రతం కూడా పట్టారు. పండగ రోజు తెల్లవారుజామున మొదలుపెడితే మర్నాడు పొద్దుట ఆరింటిదాకా నోరు విప్పరు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే చేతిసంచీలోంచి చిన్న పుస్తకం, పెన్సిలు తీసి రాస్తారు. జయపురంలో పడుకుని, పొద్దున్నే కారు మాట్లాడుకుని బయల్దేరామా, బొయిపరిగుడ చేరేలోపే మూడు చీటీలు అందాయి. ఒకటి ఏసీ తగ్గించమని. రెండోది డ్రైవర్‌ని నెమ్మదిగా పోనివ్వమనమని. మూడోది నా చొక్కా గుండీ ఊడిందని.

బొయిపరిగుడ దాటితే ఫోన్ పని చెయ్యదు. అందుకని మా ఆవిడ ముందే ఫోన్ చేసింది.

"ఏటండీ, అక్కడ జనం ఇసకేస్తే రాలదంట. అమ్మ మాటాడదు, అరవదు. పక్కనే నది. మీరు సెయ్యి మాత్రం వదలకండి. వదిలేరంటే ఇంటికి రాకండి."

"సరేనే, వదల్ను" అన్నాను.

వదల్లేదు కూడా. కొలాబు నదిలో బండల మధ్య రెండు చెంబులు నీళ్ళు పోసుకున్నప్పుడు వదల్లేదు. మెట్లెక్కుతున్నప్పుడు వదల్లేదు. గుహలోకి దూరాక, లోపల తడి, చీకటి, ధూపం పొగ, వెనకనుంచి తోపు, అయినా వదల్లేదు. ఆవిడ చెయ్యి పట్టుకోడం ఈ పద్దెనిమిదేళ్ళలో అదే మొదటిసారి. ఆవిడ మొహం చూస్తే ఆవిడకీ ఇబ్బందిగానే ఉంది.

తీరా లింగం ముందుకొచ్చాం. దేవుడి ముందు ఒక్క చేత్తో దణ్ణం పెడతామా? ఒక్క క్షణం వదిలి రెండు చేతులూ జోడించాను. "స్వామీ, మా అత్తగారిని క్షేమంగా ఇంటికి చేర్చు" అని మొక్కుకున్నాను. సరిగ్గా ఆ మాట దగ్గరే లైట్లు పోయాయి.

ఇంక ఆ గోల ఏం చెప్పను. హరహర అని కొందరు, ఏడుపులు కొందరు. పక్కన తడిమాను, ఒక చెయ్యి దొరికింది. దొరికిందే చాలని గట్టిగా పట్టుకుని జనంతో పాటు బయటికి కొట్టుకొచ్చాను. గాజులు ఎక్కువ తగిలాయి, నిజమే. చెయ్యి కాస్త గరుగ్గా ఉంది, అదీ నిజమే. కానీ పక్క చూపుకి కనిపించింది కొట్పాడ్ నేత చీర, అదే ముదురెరుపు అంచు. పోయినవారం అత్తగారికి నేనే కొనిపెట్టాను. ఇంకేం అనుమానం.

మెట్ల మీద ఎదురుగా చూస్తే తప్ప కాలు ఆనదు. వెనక్కి తిరక్కుండానే "అత్తయ్యగారూ, మెట్టు, జాగ్రత్త. ఇటు రండి. అటు వద్దు" అంటూ దిగాను. చెప్పినట్టల్లా వచ్చారు. నేను చెప్పిన మాట అత్తగారు వినడం చూసి, దేవుడి మహిమ అనుకున్నాను. అప్పుడే భయపడాల్సింది.

కింద టీ కొట్టు దగ్గర తిరిగి చూశాను. రెండు ముక్కు పోగులు, మోచేతిదాకా పచ్చబొట్టు, బోసి నోరు. ఆ కొండ ఊళ్ళ దేశియా మనిషి, ఎనభై ఏళ్ళ ముసలావిడ నా చెయ్యి పట్టుకుని నవ్వుతోంది.

టీ కొట్టామెది సాలూరు. నా వాలకం చూసి, "ఏటి బాబూ, అలగయిపోనావు? ఆవిడెవులు?" అంది.

"తెలీదమ్మా."

"తెలీకండానే సెయ్యట్టుకుని లాక్కొచ్చేవా?"

ముసలావిడ దేశియాలో, అంటే ఆ కొండల ఒడియా యాసలో, బోసి నోటితో ఏదో చెప్పింది, నాకు అంతుపట్టలేదు. టీ కొట్టామె నాకు తెలుగులో చెప్పింది. ముసలోళ్ళని కిందకి దింపడానికి గవర్నమెంటు పెట్టిన మనిషిననుకుందట. మంచివాడివి అంటోందట. తన కొడుకు దగ్గరకి ఎప్పుడు తీసుకెళ్తావు అని అడుగుతోందట.

మా అత్తగారు పైన, ఈ ముసలావిడ కొడుకు ఎక్కడో. అత్తగారేమో నోరు విప్పరు. ఎవరైనా పేరడిగినా చెప్పరు. తోపులో పడిపోయినా కేకెయ్యరు. ఆవిడ పట్టుదల నాకు తెలుసు. మళ్ళీ పైకి పోదామంటే ఆ మెట్లు దిగడానికేనట, వాలంటీర్లు పోనివ్వలేదు. ఫోను తీస్తే ఒక్క గీతా లేదు. ఉన్నా ఏమని చేస్తాను?

అప్పుడే రేవు వైపునుంచి ఎవరో పరిగెత్తుకుంటూ వచ్చి, ముసలావిడ ఒకావిడ బండ మీంచి నీళ్ళలోకి జారిందన్నారు.

పరిగెత్తాను. నాతోపాటు ముసలావిడా పరిగెత్తింది, చెయ్యి వదలకుండానే. మరణాల రిజిస్టరు కళ్ళ ముందు తిరుగుతోంది. రోజూ ఎవరెవరి పేర్లో రాస్తాను, మా అత్తగారి పేరు రాయాల్సి వస్తే నా చెయ్యి ఆడుతుందా? ఊడిన గుండీ గురించి చీటీ రాసిన మనిషి. ఆవిడంటే నాకు భయమే అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. ఆ రేవులో తెలిసింది, ఆవిడ లేకపోతే అంతకన్నా భయం అని.

జారినావిడ ఎవరో వేరే మనిషి. మోకాలి లోతు నీళ్ళలో కూర్చుని తన పిల్లల్నే తిడుతోంది. నేను అక్కడే బండ మీద కూలబడ్డాను. కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి, సిగ్గులేకుండా చెప్తున్నాను.

మైకు మోగింది. ఒడియాలో. తప్పిపోయిన వారి వివరాలు.

"రాయగడ నుంచి వచ్చిన సూరిబాబు. వయసు నలభై ఆరు. బట్టతల. పసుపు చొక్కా, పైనుంచి రెండో గుండీ లేదు. కంగారు మనిషి. ఏడుస్తూ ఉండవచ్చు. ఎవరికైనా కనిపిస్తే దయచేసి చెయ్యి పట్టుకుని పోలీసు పందిరి దగ్గరకు తీసుకురాగలరు."

ముసలావిడ ఒడియా విన్నది. నా తల చూసింది. చొక్కా చూసింది. గుండీ దగ్గర వేలు పెట్టి సరిచూసుకుంది. లేచి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ జనంలోంచి దారి చేసుకుంటూ నన్ను తీసుకెళ్ళి అప్పగించింది.

పందిట్లో మా అత్తగారు కుర్చీలో దర్జాగా కూర్చుని ఉన్నారు. పక్కన ముసలావిడ కొడుకు, తల్లిని చూడగానే బావురుమన్నాడు. కానిస్టేబుల్ చేతిలో మా అత్తగారు రాసిచ్చిన చీటీ. ఆ గుండ్రటి అక్షరాలు ఎక్కడున్నా గుర్తుపడతాను. ఇంగ్లీషులో రాశారు, కామాలతో సహా.

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, కొంగుతో నా మొహం తుడిచారు. తర్వాత వెళ్ళి ఆ ముసలావిడకి దణ్ణం పెట్టారు.

తిరుగు దారిలో బొయిపరిగుడ రాగానే ఫోన్ మోగింది.

"దర్శనం అయిందా? అమ్మ సెయ్యి వదల్లేదు కదా?"

నేను అత్తగారి వంక చూశాను. ఆవిడ కిటికీలోంచి కొండలు చూస్తున్నారు. మౌనవ్రతం. నాకు ధైర్యం వచ్చింది.

"సెయ్యా? అస్సలు వదల్లేదు" అన్నాను. ఎవరిదో ఒకరిది అని పైకి అనలేదు.

ఫోన్ పెట్టేశానో లేదో పక్కనుంచి చీటీ వచ్చింది. "నా వ్రతం రేపు ఉదయం ఆరు గంటలకు ముగియును" అని ఉంది.

ఆ రాత్రి శివరాత్రి జాగారం నాకు ఏమీ కష్టం కాలేదు. గడియారం చూస్తూ కూర్చున్నాను.