రేసుకారు అడుగుపలకకి గలేబు

మా అల్లుడుగారు నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. గౌరవం. "అత్తయ్యగారికి కాఫీ కావాలేమో అడుగు" అని నా ముఖం ముందే మా అమ్మాయితో అనేవారు. నేనూ తక్కువ తినలేదు, "పంచదార సరిపోయిందో లేదో ఆయన్ని కనుక్కో" అని అమ్మాయితోనే అనేదాన్ని. పరాయి దేశంలో, సెంగ్‌కాంగ్ అనే పేటలో ఆ అద్దె ఫ్లాటు హాలు ఎంతంటే, ఒకరు ఒళ్లు విరుచుకుంటే ఇంకొకరు తల వంచుకోవాలి. మనవరాలితో కలిపి నలుగురం ఉండేవాళ్లం. అంత చోటులో మా మాటలు అమ్మాయి మీదుగా చుట్టు తిరిగి చేరేవి. ఒక్కోరోజు దానికి విసుగొచ్చి, ఈ ఇంట్లో తను పెళ్లామూ కాదు కూతురూ కాదు, పోస్టాఫీసని అనేది. ఇప్పుడు ఇదంతా నేను చెబుతుంటే రాసుకుంటున్నదీ అదే. దాని రాత అలా ఉంది మరి.

ఆ హాల్లో కిటికీ పక్కన నా కుట్టుమిషను ఉండేది. మా ఆయన పోయాక నన్నూ నా బిడ్డనీ నడిపించింది ఆ మిషనే. కాకినాడ నుంచి వచ్చేటప్పుడు దాని తలకాయని రెండు పాత చీరల్లో చుట్టి పెట్టెలో పెట్టుకొచ్చాను, తొక్కే బల్ల అక్కడ పాతది కొన్నాం. విమానాశ్రయంలో పెట్టె తెరిపించి, ఇనుప ముద్దని అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేమిటని అడిగారు. నాకు ఇంగ్లీషు రాదు. కాలితో తొక్కి చూపించాను. నవ్వి పంపించేశారు.

అవి మనవాళ్లు కంప్యూటర్ ఉద్యోగాలకి తండోపతండాలుగా దిగుతున్న రోజులు. ఏ బ్లాకులో చూసినా తెలుగు పిల్లలే. ఆడపిల్లలు చీరలైతే తెచ్చుకునేవారు గాని, జాకెట్టు కుట్టేవాళ్లు దొరక్క అల్లాడిపోయేవారు. నా సంగతి తెలిశాక మా తలుపు ఊరుకోలేదు. డబ్బు తీసుకునేదాన్ని కాదు. ఒకామె కరివేపాకు తెచ్చేది, ఒకామె గోంగూర పచ్చడి తెచ్చేది. నాకు కావలసింది అది కూడా కాదు. "ఆంటీ, మీ జాకెట్టు వేసుకుంటే ఒంటికి అతికినట్టుందండీ" అని ఒక్క మాట అంటే ఆ పూట నాకు అన్నం అక్కర్లేదు.

అల్లుడుగారికి మాత్రం ఆ మిషను కంట్లో నలుసు. అత్తగారిని ఇంట్లో పెట్టుకుని మిషను తొక్కిస్తున్నాడని నలుగురూ అనుకుంటారని ఆయన బాధ. ఆయన తప్పు కాదు, నలుగురూ అలాంటివాళ్లే. చివరికి అమ్మాయితో చెప్పేశారు, తన కంపెనీకి వచ్చిన కార్ల పందెం పని అయిపోగానే మిషనుని కార్గోలో ఊరికి పంపించేద్దామని. చెప్పింది అమ్మాయికే, విన్నది నేను. అది లేకపోతే ఆ కిటికీ దగ్గర కూర్చుని నేనేం చెయ్యాలి? ఎదురు బ్లాకు వాళ్లు ఆరేసిన బట్టలు చూస్తూ కూర్చోవాలి. అవి కూడా ఎవరో కుట్టినవే.

అంతకు ముందే ఒకసారి ఆయన మేనేజరు భోజనానికి వచ్చాడు. చైనీసాయన, మంచి మనిషి. ఆయనొచ్చే ముందు అల్లుడుగారు మిషను మీద దుప్పటి కప్పారు. కప్పితే ఏముంది, చక్రం చక్రంలాగా, మెడ మెడలాగా, దుప్పటి కప్పుకున్న మిషనులా ఉంది. అప్పుడాయన పడకగదిలోని దిండ్లన్నీ పట్టుకొచ్చి, దుప్పటి కిందకి ఇక్కడొకటి అక్కడొకటి దోపి, దూరంగా నిలబడి చూసి, ఇంకోటి దోపారు. ఈసారి మిషనులా లేదు. ఎవరో ముడుచుకుని పడుకున్నట్టుంది. మేనేజరు లోపలికొచ్చి అటు చూశాడు, చెప్పులు చప్పుడు కాకుండా విడిచాడు, భోజనం అయ్యేదాకా గుసగుసగానే మాట్లాడాడు. పులిహోర బాగుందన్న మాట కూడా పెదవులతోనే చెప్పాడు.

ఇక కార్ల పందెం సంగతి. రోడ్ల మీదే దీపాలు పెట్టి రాత్రిపూట కార్లు పరుగెత్తించే పందెం అప్పుడప్పుడే మొదలైంది. ప్రపంచంలోకెల్లా పెద్ద పందెమట. అందులో ఒక జట్టుకి కంప్యూటర్ల తీగలూ పెట్టెలూ అమర్చే పని అల్లుడుగారి కంపెనీకి దొరికింది. ఏ జట్టో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ పని బాగా చేస్తే మేనేజరు దగ్గర మంచి పేరు. పదిరోజులపాటు ఆయన అన్నం మీద ధ్యాస లేకుండా తినేవారు.

ఒక పొద్దున్న వెళ్లిన మనిషి మధ్యాహ్నానికే ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండా నా ముందు నిలబడ్డారు. అమ్మాయి వంటింట్లో ఉంది. దాన్ని పిలవలేదు.

"అత్తయ్యగారూ, మీరో గలేబు కుట్టాలండీ."

నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరితో అంటున్నారా అని.

అసలు కథ ఇది. ఆ కార్లకి పైన రెక్కలూ అవీ ఉంటాయే, అవి అందరూ చూసేవే. విద్య అంతా అడుగున ఉంటుందట. కారు కింద ఒక పెద్ద నల్ల పలక. అది నేలకి రాసుకుంటున్నట్టు ఉండి, వెనక్కి వచ్చేసరికి పైకి లేస్తుంది. ఆ సందులో గాలి జోరుగా పారి, కారుని నేలకేసి పీలుస్తుంది. ఎంత పీలిస్తే మలుపులో అంత ధైర్యంగా తిరగొచ్చు. ఈ మాట నాకు తేలిగ్గానే ఎక్కింది. మా బ్లాకు కింద లిఫ్టు పక్కన ఇరుకు సందు ఒకటుంది. బయట ఆకు కదలకపోయినా అందులో గాలి ఉరుకుతుంది, నా పైట ఎప్పుడూ అటే లాక్కుపోతుంది. అదేనా బాబూ అంటే, అదేనండీ అన్నారు. మొదటిసారి నావంక చూసి మాట్లాడారు.

ఆ పలక వంపులు ఒక జట్టువి ఇంకో జట్టుకి తెలియకూడదు. తెలిస్తే వచ్చే పందేనికి వాళ్లూ అలాంటిదే చేసుకొచ్చేస్తారు. అందుకని కారుకి బిగించకముందు దాన్ని ఎప్పుడూ కప్పి ఉంచుతారు. ఆ కప్పే గుడ్డలున్న పెట్టె ఈసారి విమానం మారి వేరే దేశం పోయింది. టార్పాలిన్ కప్పితే జారిపోతోంది, పలక మీద గీతలు పడుతున్నాయి. మెత్తటి గుడ్డతో, జారకుండా ఎవరైనా కుడతారా అని వాళ్లు తల పట్టుకుంటే, మా అల్లుడుగారి నోట్లోంచి నా పేరు జారింది. మేనేజరు కూడా అక్కడే ఉన్నాడు. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

నేను ఒక్కటే అడిగాను. "ఆది ఏది బాబూ?"

కొత్తవాళ్ల జాకెట్టు కుట్టాలంటే పాత జాకెట్టు ఒకటి ఆదిగా ఇవ్వాలి, లేదా మనిషి ఎదురుగా నిలబడాలి. అల్లుడుగారు జేబులోంచి ఓ కాగితం తీశారు. ఆది లేదు, వస్తువుని చూడనివ్వరు, పొడుగూ వెడల్పూ మాత్రం దాని మీద రాసిచ్చారు. ఆ రెండే కొలతలతో దుప్పటి కుట్టొచ్చు గాని ఇంకేమీ కుట్టలేనని చెప్పాను. సాయంత్రం మెడలో గుర్తింపు బిళ్ల వేసి నన్నే అక్కడికి తీసుకెళ్లారు. గుట్టు బయటపెట్టనని ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. నాకొచ్చిన సంతకం తెలుగులో గుండ్రంగా పెట్టాను. అందులో ఏముందో నాకు తెలియదు, నేను పెట్టింది ఏమిటో వాళ్లకీ తెలియదు.

అక్కడ నాకు నచ్చింది ఒకటుంది. వరసగా షెడ్లు, షెడ్డుకో జట్టు. ఎదురుగా ఎవడైనా ఫోను చూసుకుంటున్నట్టు నడుస్తూ మెల్లగా తల తిప్పాడనుకోండి, ఇటువైపు కుర్రాళ్లంతా ఏమీ ఎరగనట్టు లేచొచ్చి కారు వెనక గోడలా నిలబడిపోయేవారు. గోదావరి పుష్కరాల్లో ఒకామె తడి బట్ట మార్చుకుంటుంటే మేమంతా చుట్టూ చీరలు పట్టుకుని నిలబడేవాళ్లం, సరిగ్గా అలా. ఆ మాటే అంటే అల్లుడుగారు దాన్ని ఇంగ్లీషులో చెప్పలేదు.

పలక బల్ల మీద దుప్పటి కింద ఉంది. దాని కాపలా ఒక పొడుగాటి తెల్లాయనది. చూడకూడదు గాని దుప్పటి మీంచి తడిమి కొలుచుకోవచ్చన్నాడు. టేపు తీశాను. ఇక అల్లుడుగారి పాట్లు చూడాలి. నేను కొలత కొలతకీ అడుగుతాను, ఆయన ఇంగ్లీషులోకి మార్చాలి. నడుము ఇక్కడ సన్నమైంది, వదులు ఎంత పెట్టను? చంక కింద బిగువు ఉండొచ్చా? వెనక భాగం లావుగా ఉంది, మడిచి డార్టులు వెయ్యనా? ఆయన చెవులు ఎర్రబడిపోయాయి. ఏం చెప్పారో గాని తెల్లాయన ప్రతిదానికీ గంభీరంగా తల ఊపాడు. మేనేజరు గోడకేసి తిరిగి నిలబడ్డాడు, భుజాలు ఊగుతున్నాయి.

మర్నాడంతా కుట్టాను. నల్ల గుడ్డ, లోపల మెత్తటి లైనింగు, అంచుకి ఎలాస్టిక్కు, పట్టీలకి హుక్కులు. ఎక్కడ లోతుందో అక్కడ డార్టు, ఎక్కడ ఎత్తుందో అక్కడ కుచ్చు. నా జన్మలో అంత బాగా ఏ జాకెట్టూ కుదరలేదు. మా అల్లుడుగారు పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చారు. అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి చూసి, లోపలికెళ్లిపోయింది.

తీసుకెళ్లాం. కుర్రాళ్లు దుప్పటి తీసి గలేబు తొడిగేదాకా నన్ను అటు తిప్పి నిలబెట్టారు. తరవాత ఇటు తిరగమన్నారు.

అతికింది. అచ్చు పోసినట్టు అతికింది. ముడత లేదు. నా గుండె పొంగింది. మెచ్చుకుంటారని తెల్లాయన వంక చూశాను. ఆయన ఇంకా తెల్లగా అయిపోయాడు.

అప్పుడు నేనూ చూశాను. ఆ పలక మీద ఏ వంపు ఎక్కడుందో, ఏ గాడి ఎంత లోతుందో, వెనక్కి వచ్చేసరికి ఎలా లేచిందో, అంతా నల్ల గుడ్డలో బొమ్మ గీసినట్టు కనిపిస్తోంది. నాకు చూపించకుండా దాచిందంతా నేనే కుట్టి వాళ్లకి చూపిస్తున్నాను. గలేబు లేనప్పుడు కూడా అంత బాగా కనబడి ఉండదు. ఎదురు షెడ్డు ముందు ఫోను చూసుకుంటున్న మనిషి ఫోను చూడడం మానేశాడు. కుర్రాళ్లు ఉరికొచ్చి గోడ కట్టారు.

కుట్టడం ఒకటే నేర్చుకున్నాను. ఒంపు కనబడేట్టు కుట్టడమే మా పని. కనబడకుండా కుట్టమని నన్ను ఏ ఆడపిల్లా అడగలేదు.

మేనేజరు అల్లుడుగారితో ఏదో అన్నాడు, ఈసారి గుసగుస కాదు. అల్లుడుగారు తల వంచుకున్నారు. అయిపోయింది, మిషను కార్గోలో ఎక్కినట్టే అనుకున్నాను. అది పోతే పోయింది, నా మూలంగా ఆయన మాట పడ్డారే అనిపించింది. హుక్కులు విప్పడానికి వంగాను.

"ఉండండి అత్తయ్యగారూ" అన్నారాయన. తరవాత తెల్లాయన వైపు తిరిగి ఇంగ్లీషు మొదలుపెట్టారు. నాకు మాటలు అర్థం కాలేదు గాని చేతులు అర్థమయ్యాయి. దుప్పటి కప్పడం, దూరంగా నిలబడి చూడడం, దిండు దోపడం, ఇంకోటి దోపడం. మా ఇంటి హాలు అంతా అక్కడ గాలిలో ఆడి చూపించేశారు. ఎవరికి తెలియకూడదని ఆ దిండ్లు దోపారో, ఆ మనిషి ముందే.

మేనేజరు నోరు తెరిచాడు. "అయ్యయ్యో, ఆ రోజు ఎవరూ నిద్రపోలేదా? నేను గొంతు నొప్పి పుట్టేదాకా గుసగుసలాడాను!" అన్నాడట. అల్లుడుగారు తరవాత చెప్పారు. తెల్లాయనకి విషయం ఎక్కేసరికి నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నాడు. కళ్లు తుడుచుకుని, దిండ్లు ఎంతసేపట్లో వస్తాయని అడిగాడు.

మా ఇంట్లో దిండ్లన్నీ టాక్సీలో వచ్చాయి. అమ్మాయి తలగడతో సహా. గలేబుకి లోపల చేత్తోనే సంచులు కుట్టి, లోతున్న చోట దిండు పెట్టాను, ఎత్తున్న చోటు చుట్టూ దూది కూరాను, ఏమీ లేని చోట రెండు బొడిపెలు లేపాను, నా సరదా కొద్దీ. ఇప్పుడు చూస్తే అది కారు భాగంలా లేదు. భోంచేసి పడుకున్న పెద్దమనిషిలా ఉంది. కుర్రాళ్లని గోడ కట్టవద్దని తెల్లాయన సైగ చేశాడు. ఎదురు షెడ్డు మనిషి ఇక మొహమాటం మాని, ముందుకొచ్చి, వంగి వంగి ఫొటోలు తీసుకున్నాడు. ముఖ్యంగా నా బొడిపెలు. ఆ ఫొటోలు ఏ దేశం వెళ్లాయో, ఎంత చదువుకున్నవాళ్లు వాటి ముందు కూర్చుని గాలి ఎటునుంచి ఎటు పోతుందో లెక్క వేశారో నాకు తెలియదు. అందులో ఒకటి నా మనవరాలి బొమ్మల దిండు.

దిండ్లు తిరిగి రాలేదు. కారుతోపాటు ఇంకో దేశం పోయాయి. వారం రోజులు అల్లుడుగారు తువ్వాలు మడిచి తల కింద పెట్టుకున్నారు. కార్గో మాట ఇంకెప్పుడూ అనలేదు. ఒక ఆదివారం ఆయనే మిషనుని కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిపి, చక్రానికి నూనె వేసి, ఎవరైనా వస్తే మీద కప్పే దుప్పటిని మడిచి బీరువాలో పెట్టేశారు.

ఇది ఇప్పుడు చెప్పొచ్చా అని అమ్మాయి చేత అల్లుడుగారిని అడిగించాను. అమ్మాయి చేత ఎందుకు, నన్నే అడగొచ్చు కదండీ అన్నారు. ఆ కార్ల నియమాలు ఎన్నిసార్లో మారాయట, ఆ పలక ఇప్పుడు పాత ఇనుముతో సమానమట, ఫర్వాలేదట. కానీ ఆ రోజుల్లో మాత్రం నోరు విప్పడానికి లేదు. మా ఆయన పోయాక నా కుట్టు గురించి గొప్పగా చెప్పుకోవాలని ఒక మగమనిషికి అనిపించింది అప్పుడే, చెప్పుకునే వీలు లేనిదీ అప్పుడే. ఆ రోజుల్లోనే ఇంటికొచ్చిన ఆయన స్నేహితుడొకడు కిటికీ పక్కన మిషను చూసి, అత్తయ్యగారు ఏం కుడతారండీ అని అడిగాడు.

అల్లుడుగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "అది చెప్పకూడదండీ. సంతకం పెట్టాం."

ఆ అబ్బాయి మిషను వంక చూశాడు, నా వంక చూశాడు. కాఫీ గ్లాసు చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు. ఆ తరవాత వెళ్లేదాకా గుసగుసగానే మాట్లాడాడు.