దువ్వెన దిద్దిన మెమొరీ అధ్యాయం

సోమవారం పొద్దున పళ్లు తోముకోకముందే అతను ఒక ఆపరేటింగ్ సిస్టం తాలూకు మెమొరీ పత్రాల్లో రెండుసార్లు పడిన మాటని ఒకసారికి తగ్గించాడు. దాన్ని ప్యాచ్‌గా కట్టి, కింద పూర్తి పేరు పెట్టి పంపించాకే బ్రష్ అందుకున్నాడు.

ప్యాచ్ అంటే దిద్దుబాటు చీటీ. ముక్కూ మొహం తెలియని వందలమంది కలిసి రాసే ఆ సిస్టంకి ఎవరైనా పంపవచ్చు. కంప్యూటర్ తన మెమొరీని ఏ ప్రోగ్రాంకి ఎంత ఇవ్వాలి, ఎప్పుడు వెనక్కి లాక్కోవాలి అన్నది ఆ పత్రాల విషయం. ఆ విషయంతో అతనికి పేచీ లేదు, పరిచయమూ లేదు. ఆరేళ్లుగా అక్షరాలు మాత్రం చూస్తున్నాడు. ఒక పేజీలో అయిదు తప్పులు దొరికితే అయిదు ప్యాచ్‌లు, అయిదు రోజులు. అన్నీ ఒకదాంట్లో పంపితే పేరు ఒక్కసారే పడుతుందట. ఆఫీసులో అతన్ని దువ్వెన అంటారు. పేలు ఏరడమే తప్ప తలలో ఏముందో దానికి పట్టదని.

వయసు నలభై ఆరు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరీక్షించే విభాగంలో. ఎవరో రాసిన పరీక్షని నడిపించి, పాసయినట్టు పచ్చరంగు వస్తే పచ్చ అని రాయడం. ఆ విభాగాన్ని ఎత్తేస్తున్నారు. అతనికన్నా పన్నెండేళ్లు చిన్నవాడైన టీం లీడరు ఆ రోజే క్యాంటీన్లో పట్టుకున్నాడు.

"గురువుగారూ, సిస్టమ్స్ టీంలో ఒక్క సీటుంది. ఆ మెమొరీ పత్రాల మెయింటైనర్ల జాబితాలో మీ పేరుంటే నేను అడగ్గలను. లేకపోతే నాకు నోరు లేవదు."

"ఆరువందల ప్యాచ్‌లున్నాయి నావి."

"కామాలు ఎన్నయినా కామాలే కదండీ. జాబితాలో పేరు చూపించండి. శుక్రవారం దాకా టైముంది."

ఆ పత్రాల మంచిచెడ్డలు చూసే ముఖ్య మెయింటైనర్ ఒకావిడ. ఆమెకి అతను తన సేవల గురించి నాలుగు పేరాలు రాశాడు. ఆవిడ అలవాటు ప్రకారం జవాబు అందరికీ కనిపించే చర్చలోనే పెట్టింది. "మెమొరీ అడిగే పద్ధతుల అధ్యాయాన్ని మీరు నలభైసార్లు దిద్దారు. అందులో ఒక పేరా అర్థంలోనే తప్పుంది. సరిచేసి పంపండి, జాబితాలో చేరుస్తాను."

అధ్యాయం ప్రింటు తీసి, సెలవు పెట్టి రెండు రోజులు చదివాడు. మూడు చోట్ల మాటల మధ్య ఖాళీలు ఎక్కువున్నాయని తేల్చాడు.

బుధవారం మధ్యాహ్నం భార్య డ్యూటీ దిగి వచ్చింది. ఆమె ఆసుపత్రి మందుల కౌంటర్లో పనిచేస్తుంది.

"ఏంటండీ, సప్లిమెంటరీ పరీక్షకి కూర్చున్నట్టు కూర్చున్నారు?"

చెప్పాడు. ఆమె కాగితాలు లాక్కుంది.

"మెమొరీ అడగడానికి ఎన్ని దారులు?"

"రెండు అని ఉంది."

"ఉందంటారేంటి, మీకు తెలీదూ?"

కాగితం ప్రకారం మొదటి పద్ధతిలో మెమొరీ లేకపోతే దొరికేదాకా ఆగాలి. రెండోదాంట్లో ఉంటే ఇస్తారు, లేదంటే వెంటనే లేదని చెప్పి పంపేస్తారు. ఆమె వేలు తొమ్మిదో పేజీలో ఆగింది.

"ఇదిగో. ఇక్కడ ఒక్క క్షణం కూడా ఆగకూడదని పైన రాసి, కింద ఆగే పద్ధతే వాడమన్నారు. ఎమర్జెన్సీ నుంచి పరిగెత్తుకొచ్చినవాణ్ణి లైన్లో నిలబడమన్నట్టుంది. మా దగ్గరైతే తోలు తీస్తారు."

"ఆ పేరాలో నేను రెండక్షరాలు దిద్దాను," అన్నాడు కొంచెం గర్వంగానే.

"చదవకుండానా?"

"దిద్దడానికి చదవక్కర్లేదు."

ఆమె కాగితాలు అతని ముందు పెట్టింది. "సర్లెండి, ముందు పంపించండి."

కంప్యూటర్ ముందుకి జరిగాడు. ఆ వాక్యం చివర ఫుల్‌స్టాప్ కూడా లేదు. అంటే రెండు తప్పులు, రెండు ప్యాచ్‌లు. ఫుల్‌స్టాప్ ఇవాళ, అర్థం రేపు.

"పెద్దది ముందు పంపొచ్చుగా?" అంది భార్య.

"చిన్నవి ముందు పంపడం పద్ధతి. నీకు తెలీదులే."

మెయింటైనర్ జవాబు చూసినవాళ్లందరూ ఆ చర్చ మీద కన్నేసి ఉన్నారు. ఫుల్‌స్టాప్ వచ్చి వాలిన పేరాని చదివారు. చదివే అలవాటున్నవాళ్లు. ఒక ప్రింటర్ కంపెనీలో ప్రోగ్రాములు రాసే ఆమె గంటలో అర్థం సరిచేసి పంపింది. ఫుల్‌స్టాప్ కూడా అందులోనే పెట్టేసింది. గురువారం పొద్దున్నకల్లా మెయింటైనర్ దాన్ని తీసుకుని, ఆమె పేరు జాబితాలో చేర్చి, అతనికి ఒక లైను రాసింది: మీ ప్యాచ్‌తో ఇక పనిలేదు.

అతను లీడరు దగ్గరికి వెళ్లాడు.

"తప్పు ఏ పేరాలో ఉందో చూపించింది నేనే. తేదీ, టైము చూసుకోండి."

"చూశానండీ. మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"తెలిసి ఫుల్‌స్టాప్ పంపారా?"

అతను ప్యాచ్‌ల వరస గురించి చెప్పబోయాడు. లీడరుకి ఫోను వచ్చింది, లేకపోతే వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకున్నాడు.

శుక్రవారం మూడు గంటలకి లాప్‌టాప్, గుర్తింపు కార్డు అప్పగించాడు. ఆ రోజు ఆ విభాగం నుంచి వెళ్లినవాళ్లు పంతొమ్మిది మంది. సిస్టమ్స్ టీం సీటుకి సోమవారం ప్రకటన వేశారు.